లెక్క చెప్పని కంపెనీ: డచ్ ఈస్టిండియా కంపెనీలో వాటాదారుల హక్కులు, రాజ్య నియంత్రణ (1602–1623)

వ్యాస సంగ్రహం

1602లో నెదర్లాండ్స్‌లో ఏర్పడిన ఈస్టిండియా కంపెనీ పదేళ్ల తర్వాత పూర్తి లెక్క చెబుతామనీ, కోరినవారికి పెట్టుబడి తిరిగి ఇస్తామనీ తన సనదులో వాటాదారులకు మాట ఇచ్చింది. 1612లో స్టేట్స్ జనరల్ ఆ బాధ్యత నుంచి కంపెనీని విడుదల చేసింది. దానికి రెండేళ్ల ముందే, చేతిలో లేని వాటాలను అమ్మడాన్ని అదే సభ నిషేధించింది. ఐరోపాలో కంపెనీ చట్టం, పెట్టుబడి మార్కెట్ నియంత్రణ తొలి రూపాలు దిద్దుకున్న ఈ రెండు దశాబ్దాలను వ్యాసం పరిశీలిస్తుంది. లెక్క అడిగే హక్కు పోయిన చోట వాటాను అమ్ముకునే అవకాశం పెరగడం, నియంత్రించవలసిన రాజ్యమే కంపెనీ భాగస్వామి కావడం ఇందులో ప్రధాన చర్చనీయాంశాలు.

కీలక పదాలు: డచ్ ఈస్టిండియా కంపెనీ, సనదు, వాటాదారులు, స్టేట్స్ జనరల్, ఇసాక్ ల మేర్, ఆమ్‌స్టర్‌డామ్, కోరమండల్ తీరం

ఉపోద్ఘాతం

తెలుగునాట డచ్చివారి చరిత్ర అనగానే మచిలీపట్నం, నిజాంపట్నం, పాలకొల్లు, పులికాట్ స్థావరాలు గుర్తుకువస్తాయి. తపన్ రాయ్‌చౌధురి 1962లో ప్రచురించిన ‘జాన్ కంపెనీ ఇన్ కోరమండల్’ మొదలుకొని ఈ తీరంలో వారు సాగించిన వస్త్ర వ్యాపారంపై విలువైన పరిశోధనలు వెలువడ్డాయి. నేతగాళ్లు, దళారులు, సుంకాలు, ఫర్మానాలు వీటిలో విస్తృతంగా చర్చకు వచ్చాయి. అయితే మచిలీపట్నం రేవులో దిగిన సొమ్ము ఎవరిది, ఆ సొమ్ము పెట్టినవారికి దానిపై చట్టం ఇచ్చిన హక్కు ఎంత అనే ప్రశ్న తెలుగు చరిత్ర రచనలో అరుదుగా కనిపిస్తుంది. ఈ ప్రశ్నకు జవాబు ఆమ్‌స్టర్‌డామ్, హేగ్ నగరాలలో వెతకాలి.

1602 నాటి కంపెనీని ‘ప్రపంచంలో తొలి ఆధునిక కార్పొరేషన్’ అని పాఠ్యపుస్తకాలు పేర్కొంటాయి. ఈ మాటలో కొంత నిజం ఉంది. కానీ ఆధునిక కంపెనీకి లక్షణాలుగా నేడు చెప్పుకునే శాశ్వత మూలధనం, చేతులు మారే వాటా, యాజమాన్యానికీ నిర్వహణకూ మధ్య ఎడం అనేవాటిని ఒక చట్టకర్త ముందుగా ఆలోచించి రాసిపెట్టలేదు. వాటిలో ముఖ్యమైన శాశ్వత మూలధనం ఒక మాట తప్పడంలోంచి పుట్టింది.

సనదుకు ముందు

1594లో ఆమ్‌స్టర్‌డామ్ వర్తకులు కొందరు తూర్పు దేశాల వ్యాపారానికి ఒక కంపెనీ ఏర్పాటు చేశారు. కార్నేలిస్ డి హౌట్‌మన్ నాయకత్వంలో నాలుగు ఓడలు 1595లో బయలుదేరి, 1597లో మూడు తిరిగివచ్చాయి. వెళ్లిన నావికులలో సగానికి పైగా దారిలోనే మరణించారు. వచ్చిన మిరియాలు ఖర్చులకు మించి పెద్దగా మిగల్చలేదు. అయినా దారి తెలిసింది. 1598లో యాకోబ్ వాన్ నెక్ తీసుకువెళ్లిన నౌకాదళం మరుసటి ఏడాదే భారీ లాభంతో రావడంతో హాలండ్, జీలాండ్ రేవుపట్టణాలన్నిటా ఇలాంటి కంపెనీలు వెలిశాయి. 1595 నుంచి 1602 లోపు అరవైకి పైగా ఓడలు తూర్పుకు పయనమయ్యాయి.

ఈ తొలి కంపెనీల నిర్మాణం సరళమైనది. ఒక ప్రయాణానికి సొమ్ము కూడబెట్టేవారు. ఓడలు తిరిగివచ్చాక సరుకు అమ్మి, లెక్క తేల్చి, అసలును లాభంతో సహా పంచి, కంపెనీని మూసివేసేవారు. చిన్న పెట్టుబడిదారు తన సొమ్మును తనకు పరిచయమున్న ఒక డైరెక్టర్ చేతికి ఇచ్చేవాడు. జవాబుదారీ కూడా ఆ డైరెక్టరే. పాతకాలం నుంచి ఉత్తర సముద్రంలో నడుస్తున్న ఓడ భాగస్వామ్యాల ఆచారమే ఇది. ఓటు హక్కు, వార్షిక సమావేశం వంటివి ఇందులో లేవు. వాటి అవసరమూ అంతగా లేదు. వ్యాపారానికి ముగింపు ఉండడమే పెట్టుబడిదారుకు అసలైన రక్షణ. ఎంత మోసగాడైన నిర్వాహకుడైనా ఓడ తిరిగివచ్చిన రోజున లెక్క విప్పవలసిందే.

పోటీ వల్ల బాంతెన్ రేవులో మిరియాల కొనుగోలు ధర పెరిగింది, ఆమ్‌స్టర్‌డామ్‌లో అమ్మకపు ధర తగ్గింది. హాలండ్ రాష్ట్ర ప్రధాన న్యాయ సలహాదారు యోహాన్ వాన్ ఓల్డెన్‌బార్నెవెల్ట్ ఈ కంపెనీలన్నిటినీ ఒకటి చేయడానికి పూనుకున్నాడు. ఆయన దృష్టి మిరియాల ధర మీద మాత్రమే లేదు. నెదర్లాండ్స్ అప్పుడు స్పెయిన్‌తో యుద్ధంలో ఉంది. పోర్చుగల్ 1580 నుంచి స్పెయిన్ రాజు కిందనే ఉండేది. ఆసియాలో పోర్చుగీసువారిని దెబ్బతీయగల బలమైన సంస్థ రాజ్యానికి కావాలి. దానికి ఖర్చు రాజ్య ఖజానా నుంచి కాక వర్తకుల సంచి నుంచి రావాలి. కంపెనీ పుట్టుకలోనే ఉన్న ఈ రెండు ప్రయోజనాలు తరువాతి ఇరవై ఏళ్ల వివాదాలకు మూలమయ్యాయి.

1602 సనదు: ఇచ్చినవి, ఇవ్వనివి

1602 మార్చి 20న స్టేట్స్ జనరల్ 46 అధికరణాల సనదును జారీ చేసింది. గుడ్ హోప్ అగ్రానికి తూర్పున, మగెల్లన్ జలసంధికి పడమరన 21 ఏళ్ల పాటు వ్యాపార గుత్తాధికారం కంపెనీకి దక్కింది. ఆమ్‌స్టర్‌డామ్, జీలాండ్, డెల్ఫ్ట్, రాటర్‌డామ్, హోర్న్, ఎంక్‌హైజెన్‌లలో ఆరు శాఖలు, వాటి ప్రతినిధులతో పదిహేడుగురి కేంద్ర మండలి ఏర్పడ్డాయి. ఆసియాలో కోటలు కట్టడానికీ, సైనికులను నియమించడానికీ, స్టేట్స్ జనరల్ పేరిట పాలకులతో ఒప్పందాలు చేసుకోవడానికీ కంపెనీకి అధికారం లభించింది. సనదు ఇచ్చినందుకు రాజ్యానికి రావలసిన 25,000 గిల్డర్లను తీసుకోకుండా కంపెనీలోనే పెట్టుబడిగా ఉంచారు. అంటే నియమాలు చేసే సభ తొలిరోజు నుంచే వాటాదారు కూడా. తీర్పరి జూదంలో పందెం కాసినట్టున్న ఈ ఏర్పాటు ఆనాటివారికి పెద్ద వింతగా తోచినట్టు లేదు.

దేశవాసులెవరైనా ఎంత సొమ్మైనా పెట్టవచ్చని సనదు ప్రకటించింది. ఆమ్‌స్టర్‌డామ్‌లో చందా పుస్తకాన్ని డైరెక్టర్ డిర్క్ వాన్ ఓస్ ఇంట్లో ఉంచారు. ఆగస్టు నెలాఖరుకు అందులో 1,143 పేర్లు చేరాయి. 85,000 గిల్డర్లు రాసిన ఇసాక్ ల మేర్ పేరు పెద్దవాటిలో పెద్దది. అదే ఇంట్లో పనిచేసే నీల్ట్‌హెన్ కార్నేలిస్ అనే పరిచారిక 100 గిల్డర్లు రాసింది. ఆరు శాఖలూ కలిపి మూలధనం 64 లక్షల గిల్డర్లు దాటింది. అందులో సగానికి పైగా ఆమ్‌స్టర్‌డామ్‌దే.

ఈ పెట్టుబడికి రుజువు కాగితం కాదు, ఆవర్జాలో పద్దు. 2010లో హోర్న్ పట్టణంలోని అభిలేఖాగారంలో బయటపడిన 1606 సెప్టెంబర్ 9 నాటి పత్రాన్ని పత్రికలు ప్రపంచపు అతి పాత షేరుగా వర్ణించాయి. నిజానికి అది ఎంక్‌హైజెన్ శాఖకు సొమ్ము చెల్లించినట్టు ఇచ్చిన రశీదు. వాటా మారాలంటే అమ్మేవాడు, కొనేవాడు ఇద్దరూ కంపెనీ కార్యాలయానికి వెళ్లాలి, డైరెక్టర్ల ఆమోదంతో లేఖకుడు ఒక పద్దు నుంచి మరొక పద్దుకు సొమ్ము మార్చాలి. ఇలాంటి తొలి బదిలీ 1603 మార్చి 3న జరిగింది. చందా వాయిదాలు ఇంకా పూర్తిగా చెల్లించకముందే వాటాలు చేతులు మారడం మొదలైందన్నమాట.

ఇక వాటాదారుకు సనదు ఇచ్చిన హామీలలో రెండు కీలకమైనవి. తిరిగి వచ్చిన సరుకు అమ్మకంలో నిర్ణీత శాతం సొమ్ము చేతికందగానే డివిడెండు పంచాలన్నది ఒకటి. పదేళ్ల తర్వాత సర్వసాధారణ లెక్క తేల్చాలనీ, అప్పుడు కోరినవారు తమ పెట్టుబడి తీసుకుని వెళ్లవచ్చనీ ఏడవ అధికరణం చెప్పింది. పాత ఒక్క ప్రయాణపు కంపెనీల నీడ ఇందులో స్పష్టంగా కనిపిస్తుంది. ప్రయాణం స్థానంలో పదేళ్లు వచ్చాయి. ముగింపు మాత్రం మిగిలే ఉంది. జనం సొమ్ము పెట్టింది ఈ భరోసా మీదనే.

సనదు ఇవ్వని వాటి జాబితా పెద్దది. వాటాదారుల సమావేశం లేదు, ఓటు లేదు, పదేళ్ల లోపు లెక్క చూపవలసిన పని లేదు. డైరెక్టర్ కావడానికి పెద్ద పట్టణాలలో 6,000 గిల్డర్ల వాటా ఉండాలి. పదవి జీవితకాలపుది. ఖాళీ వస్తే తోటి డైరెక్టర్లు ముగ్గురి పేర్లు సూచిస్తారు, అధికారులు ఒకరిని ఎంపిక చేస్తారు. వారి ప్రతిఫలం మరింత ఆసక్తికరం. ఓడలను సిద్ధం చేయడానికి అయ్యే ఖర్చుపై ఒక శాతం, తిరిగివచ్చిన సరుకు విలువపై ఒక శాతం. లాభంతో దానికి నిమిత్తం లేదు. ఎంత ఖర్చుపెడితే అంత ఆదాయం వచ్చే నిర్వాహకుడి చేతికి, అడిగేవారు లేని సొమ్మును ఇచ్చినట్టయింది.

యుద్ధమూ డివిడెండూ

1603 ఫిబ్రవరిలో యాకోబ్ వాన్ హీమ్‌స్కెర్క్ సింగపూర్ జలసంధి సమీపంలో ‘శాంతా కాతరీనా’ అనే పోర్చుగీసు ఓడను పట్టుకున్నాడు. దాని సరుకు ఆమ్‌స్టర్‌డామ్ వేలంలో 30 లక్షల గిల్డర్లకు మించి పలికింది. వాటాదారులందరూ సంతోషించి ఉండవలసిన వార్త ఇది. కానీ హింసను మతపరంగా నిరాకరించే మెన్నోనైట్ క్రైస్తవులు వారిలో కొందరున్నారు. తాము వ్యాపారంలో సొమ్ము పెట్టామే గాని దోపిడిలో కాదని వారు అభ్యంతరం చెప్పారు. కొందరు వాటాలు అమ్ముకున్నారు. ఈ ఓడను పట్టుకోవడాన్ని సమర్థించడానికి కంపెనీ తరఫున యువ న్యాయవాది హ్యూగో గ్రోషియస్ రాసిన పెద్ద గ్రంథం నుంచే 1609లో ‘మారే లీబెరుమ్’ వెలువడింది. అంతర్జాతీయ న్యాయశాస్త్రంలో మూలగ్రంథంగా చదివే ఈ పుస్తకం వెనుక తమ సొమ్ముతో ఏం చేస్తున్నారని నిలదీసిన వాటాదారులు కూడా ఉన్నారు.

ఓడలు తిరిగి వస్తున్నా డివిడెండు రాలేదు. 1605లో అంబాన్ కోట కంపెనీ వశమైంది. అదే కాలంలో కోరమండల్ తీరానికి డచ్చి ఓడలు వచ్చాయి. 1606లో గోల్కొండ సుల్తాన్ మహమ్మద్ కులీ కుతుబ్‌షా ఫర్మానాతో మచిలీపట్నంలో, నిజాంపట్నంలో వర్తక స్థావరాలు ఏర్పడ్డాయి. సుగంధద్రవ్యాల దీవులలో వెండి కన్నా ఈ తీరపు వస్త్రాలకే గిరాకీ ఎక్కువ. బట్ట కొని, దానిని జాపత్రికి, జాజికాయకు, లవంగాలకు మార్చుకుంటేనే వ్యాపారం గిట్టుబాటు. దీనికోసం నేతగాళ్లకు ముందుగా బయానా ఇవ్వాలి, గిడ్డంగిలో సరుకు నిల్వ ఉంచాలి, అదను చూసి తూర్పుకు పంపాలి. అంటే ఐరోపా నుంచి వచ్చిన సొమ్ములో గణనీయమైన భాగం ఆసియాలోనే తిరుగుతూ ఉండాలి. వాటాదారు డివిడెండు కోసం ఆమ్‌స్టర్‌డామ్‌లో ఎదురుచూస్తుంటే, అతని డబ్బు మచిలీపట్నపు గిడ్డంగిలో బట్టల మూటగా పడి ఉంది.

ఇసాక్ ల మేర్, 1610 ఉత్తర్వు

ల మేర్ టూర్నే పట్టణంలో పుట్టి, 1585లో ఆంట్వెర్ప్ స్పెయిన్ వశమయ్యాక ఉత్తరానికి తరలివచ్చిన వర్తకులలో ఒకడు. కంపెనీ తొలి డైరెక్టర్లలోనూ ఒకడు. పాత నౌకాదళపు ఖర్చుల విషయంలో తోటి డైరెక్టర్లతో తగవు వచ్చి 1605లో పదవి వదిలాడు. వెళుతూ కంపెనీకి పోటీగా వ్యాపారం చేయనని మాట ఇవ్వవలసి వచ్చింది. అతన్ని ‘తొలి వాటాదారుల ఉద్యమకారుడు’గా చిత్రించే ధోరణి ఇటీవల పెరిగింది. ఆ బిరుదు కొంత ఉదారమైనదే. అతని పోరాటంలో ప్రజాహితం కన్నా పగ పాలు తక్కువేమీ కాదు. అయితే 1609 జనవరిలో అతను ఓల్డెన్‌బార్నెవెల్ట్‌కు సమర్పించిన విజ్ఞాపనలోని అంశాలు మాత్రం కొట్టిపారేయదగినవి కావు. కంపెనీ తన గుత్తాధికారాన్ని సరిగా వినియోగించడం లేదనీ, వాటాదారులు తమ సొమ్ముతో బందీలై ఉన్నారనీ అతని ఫిర్యాదు సారాంశం.

ఆ వెంటనే అతను మరికొందరితో కలిసి రహస్య భాగస్వామ్యం ఒకటి ఏర్పాటు చేశాడు. జె.జి. వాన్ డిలెన్ 1930లో ప్రచురించిన అధ్యయనం దీని నడకను వివరంగా చూపింది. తమ వద్ద లేని వాటాలను ఏడాదో రెండేళ్లో తర్వాత నిర్ణీత ధరకు అప్పగిస్తామని వీరు ముందే అమ్మేవారు. ఊహకు ఒక లెక్క తీసుకుంటే, 3,000 గిల్డర్ల ముఖవిలువ గల వాటాను 145 శాతానికి, అంటే 4,350 గిల్డర్లకు అమ్మారనుకుందాం. గడువు నాటికి ధర 130 శాతానికి పడితే 3,900కు కొని అప్పగిస్తారు, 450 గిల్డర్లు మిగులుతాయి. ధర పెరిగితే అంతకంత నష్టం. కాబట్టి ధర పడడంలోనే వారి ప్రయోజనం ఉంది. కంపెనీ గురించిన చెడు వార్తలను వీరు ఉద్దేశపూర్వకంగా వ్యాప్తి చేశారన్నది డైరెక్టర్ల ఆరోపణ. ఆ సంవత్సరాలలో వాటా ధర బాగా పడిపోయిన మాట వాస్తవం. దానికి కారణం ల మేర్ బృందమేనా, లేక ఏడేళ్లుగా డివిడెండు ఇవ్వని కంపెనీ పరిస్థితా అన్నదే అసలు వివాదం.

డైరెక్టర్లు రాజ్యాన్ని ఆశ్రయించారు. ఈ అమ్మకాల వల్ల వితంతువులు, అనాథలు నష్టపోతున్నారని మొరపెట్టుకున్నారు. పెట్టుబడి మార్కెట్ చరిత్రలో ఆ తర్వాత ఎన్నోసార్లు వినిపించిన వాదమిది. శత్రువుతో పోరాడే సంస్థకు చెడ్డపేరు తేవడం దేశద్రోహంతో సమానమన్న ధ్వని కూడా అందులో ఉంది. 1610 ఫిబ్రవరి 27న స్టేట్స్ జనరల్ ఉత్తర్వు వెలువడింది. స్వంతంలో లేని వాటాలను అమ్మరాదు, అమ్మిన వాటాను నెలలోపు కంపెనీ పుస్తకాలలో బదిలీ చేయాలి. ఐరోపాలో వాటాల మార్కెట్‌పై రాజ్యం విధించిన తొలి నియంత్రణగా దీనిని గుర్తిస్తారు. ధర పడడం గురించి ఫిర్యాదు వస్తే అమ్మేవారి చేతులు కట్టారు. డైరెక్టర్లు చూపని లెక్క గురించి ఆ ఉత్తర్వులో ఒక్క మాట లేదు.

అదే సంవత్సరం ఏప్రిల్‌లో కంపెనీ తొలి డివిడెండు ప్రకటించింది. వాటా విలువలో 75 శాతం, అయితే నగదుగా కాదు, జాపత్రి రూపంలో. నవంబర్‌లో మరో 50 శాతం మిరియాలుగా, 7.5 శాతం నగదుగా వచ్చింది. సరుకుకు కట్టిన ధర కంపెనీదే. సుగంధద్రవ్యాల వర్తకుడికి ఇది బాగానే ఉంటుంది. రొట్టెల వ్యాపారికో చర్చి ఫాదరీకో జాపత్రి బస్తా ఏం చేసుకోవాలో తెలియదు. అందరూ ఒకేసారి అమ్మబోతే మార్కెట్లో ధర నిలవదు. పలువురు సరుకు తీసుకోవడానికి నిరాకరించి నగదు కోసం వేచి ఉండడానికే మొగ్గుచూపారు. అయినా ఈ ప్రకటనలతో వాటా ధర కోలుకుంది. ల మేర్ భాగస్వాములలో కొందరు దివాలా తీశారు.

ల మేర్ మరో దారి వెతికాడు. సనదు మూసినవి రెండు ద్వారాలే, గుడ్ హోప్ అగ్రం, మగెల్లన్ జలసంధి. మూడవ దారి ఉంటే అది నిషేధం కిందికి రాదు కదా! 1615లో బయలుదేరిన అతని కుమారుడు యాకోబ్, విల్లెమ్ స్హౌటెన్ 1616 జనవరిలో దక్షిణ అమెరికా కొనను చుట్టి ఆ దారిని కనుగొన్నారు. కేప్ హార్న్ పేరు స్హౌటెన్ స్వస్థలమైన హోర్న్ పట్టణం నుంచి వచ్చింది. ఓడ జకార్తా చేరగానే యాన్ పీటర్‌సోన్ కూన్ దానిని స్వాధీనం చేసుకున్నాడు. మగెల్లన్ గుండా కాక మరో దారిలో వచ్చామన్న మాటను అతను నమ్మలేదు. యాకోబ్ తిరుగు ప్రయాణంలో మరణించాడు. తండ్రి న్యాయస్థానానికి వెళ్లి ఓడను, సరుకును తిరిగి ఇవ్వాలన్న తీర్పు సాధించాడు. భూగోళశాస్త్రం సనదులోని ఒక వాక్యం చుట్టూ తిరిగిన సందర్భాలు చరిత్రలో ఎక్కువ ఉండవు.

1612: రద్దయిన లెక్క

పదేళ్ల గడువు ముగిసే 1612 వచ్చింది. ఏడవ అధికరణం ప్రకారం లెక్క తేల్చి, వెళ్లేవారికి సొమ్ము ఇచ్చి, ఉండదలచినవారితో, కొత్తగా చేరేవారితో రెండవ పదేళ్ల ఖాతా తెరవాలి. డైరెక్టర్లు ఆ బాధ్యత నుంచి విడుదల కోరారు. స్టేట్స్ జనరల్ అంగీకరించింది.

డైరెక్టర్ల ఇబ్బందిలో న్యాయం లేకపోలేదు. మచిలీపట్నపు స్థావరానికి ఎంత విలువ కట్టాలి? పులికాట్‌లో 1610లో స్థావరం ఏర్పడింది, 1613 నాటికి అక్కడ హెల్డ్రియా కోట లేచింది. కోట గోడను ఆస్తిగా రాయాలా, ఖర్చుగా రాయాలా? నేతగాళ్ల వద్ద ఉన్న బయానాను, దీవుల పాలకులతో చేసుకున్న ఒప్పందాన్ని, ఇంకా దారిలో ఉన్న ఓడను ఏ పద్దులో చూపాలి? ఆ 1612లోనే హెన్‌డ్రిక్ బ్రౌవర్ అనే కంపెనీ అధికారి కోరమండల్ తీరాన్ని మొలక్కా దీవులకు ఎడమ చేయి వంటిదని వర్ణించాడు. ఈ తీరపు బట్ట లేకపోతే అక్కడ వ్యాపారం చచ్చిపోతుందన్నది అతని భావం. చేయిని దేహం నుంచి వేరు చేసి పంచలేము. వాటాదారులు సొమ్ము వెనక్కి అడిగితే ఆ సొమ్ము నగదుగా లేదు. వేల మైళ్ల దూరంలో గోడలుగా, ఫిరంగులుగా, బట్టల మూటలుగా మారిపోయింది. ఆస్కార్ హెల్డర్‌బ్లోమ్, యూస్ట్ యోంకర్ వంటి ఇటీవలి ఆర్థిక చరిత్రకారులు శాశ్వత మూలధనం ముందుగా వేసిన ప్రణాళిక కాదని, ఆసియాలో యుద్ధం, వ్యాపారం కలిసి తెచ్చిపెట్టిన ఒత్తిడి ఫలితమని వివరించారు. ఈ వివరణ ఒప్పదగినదే. తెలుగు తీరంలోని స్థావరాలను ఆ ఒత్తిడిలో భాగంగా చూడడం మాత్రం ఇంకా జరగవలసి ఉంది.

అయితే లెక్క కట్టడం కష్టం అనడానికి, అసలు లెక్క చూపనవసరం లేదు అనడానికి మధ్య తేడా ఉంది. ఏయే ఓడకు ఎంత ఖర్చయింది, ఎంత సరుకు ఎంత ధరకు ఎవరికి అమ్మారు, డైరెక్టర్లకు ఎంత కమిషన్ ముట్టింది అనేవి ఆమ్‌స్టర్‌డామ్ పుస్తకాలలోనే ఉన్నాయి. వాటికి హెల్డ్రియా కోట గోడ అడ్డు కాదు. శత్రువుకు రహస్యాలు తెలుస్తాయన్న కారణం చూపి వాటిని కూడా మూసి ఉంచారు. రాజ్యం దీనికి ఎందుకు ఒప్పుకుందో ఊహించడం కష్టం కాదు. లెక్క తేలితే పెట్టుబడి చెదురుతుంది, పెట్టుబడి చెదిరితే పోర్చుగీసువారితో పోరాడే సంస్థ కూలుతుంది. స్పెయిన్‌తో 1609లో పన్నెండేళ్ల సంధి కుదిరినా ఆసియాలో పోరు ఆగలేదు. వాటాదారు హక్కును కాపాడవలసిన సభకు వాటాదారు మౌనంలోనే లాభం కనిపించింది.

వెళ్లదలచినవారికి మిగిలిన దారి వాటాను మరొకరికి అమ్మడం. 1603 నుంచి బదిలీలు జరుగుతూనే ఉన్నాయి. 1611లో హెన్‌డ్రిక్ డి కైసర్ నిర్మించిన ఎక్స్‌ఛేంజ్ భవనం రోకిన్ కాలువ వద్ద తెరుచుకుంది. 1612 తర్వాత కంపెనీ వైపు తలుపు మూసుకుపోవడంతో మార్కెట్ తలుపే ఏకైక ద్వారమైంది. వాటాదారు కంపెనీని ఏమీ అడగలేడు, కానీ తన బదులు మరొకరిని నిలబెట్టి పక్కకు తప్పుకోగలడు. ఆ కొత్తవాడు ఇచ్చే ధర కంపెనీ లోపలి స్థితిపై వదంతులు, ఓడల రాకపోకలు, జాపత్రి ధరల మీద ఆధారపడి ఉంటుంది. లెక్కకు బదులు ఊహ వచ్చి చేరింది. లండన్‌లోని ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ విడివిడి ప్రయాణాల ఖాతాలనూ, కాలపరిమితి గల ఉమ్మడి మూలధనాలనూ దాటి శాశ్వత మూలధనానికి చేరడానికి 1657 దాకా పట్టింది. డచ్చివారు నలభై అయిదేళ్ల ముందే ఆ స్థితికి రావడాన్ని ముందుచూపుగా మెచ్చుకునే రచనలు, ఆనాటి వాటాదారుల సమ్మతి అందులో ఎంత ఉందో చెప్పవు.

1622–23: నిలదీసినవారు, గెలిచినంత మేరకు

సనదు గడువు 1623తో తీరనుండగా, వాటాదారులలో ఒక వర్గం 1622లో బహిరంగంగా నిరసన తెలిపింది. కరపత్రాలు అచ్చయ్యాయి. డైరెక్టర్లు తమ స్వంత సరుకునే కంపెనీకి అంటగడుతున్నారు, కంపెనీ సరుకును తమవారికి చవకగా కట్టబెడుతున్నారు, ఇరవై ఏళ్లుగా లెక్క ఎవరికీ చూపలేదు అన్నవి వాటిలోని ప్రధాన ఆరోపణలు. సనదు పొడిగించే ముందు లెక్క చూపాలనీ, డైరెక్టర్ల పదవికి కాలపరిమితి ఉండాలనీ, నియామకంలో వాటాదారులకు పాత్ర ఉండాలనీ వారు కోరారు. 1621లో సనదు పొందిన వెస్టిండియా కంపెనీకి చందాలు మందకొడిగా రావడం వీరి వాదానికి కలిసివచ్చింది. పాత కంపెనీలో సొమ్ము పెట్టి చిక్కుకున్నవారు కొత్త కంపెనీని అనుమానంతో చూశారు. ఈసారి రాజ్యానికి కూడా వాటాదారుల విశ్వాసం అవసరమైంది.

1622 డిసెంబర్‌లో మరో 21 ఏళ్లకు సనదును పొడిగించారు. డైరెక్టర్లకు మూడేళ్ల కాలపరిమితి వచ్చింది. ప్రధాన వాటాదారులకు నియామకాల సూచనలో స్థానం దక్కింది. వారిలోంచి తొమ్మిదిమందితో ఒక పర్యవేక్షక సంఘం ఏర్పడింది. కంపెనీతో డైరెక్టర్ల స్వంత క్రయవిక్రయాలపై ఆంక్షలు పెట్టారు. కాగితం మీద ఇవి చిన్న మార్పులు కావు. ఆచరణలో పదవీకాలం ముగిసిన డైరెక్టర్లు కొంత విరామంతో మళ్లీ ఎన్నికయ్యేవారు. తొమ్మిదిమంది సభ్యులు రహస్యం కాపాడతామని ప్రమాణం చేయాలి, కాబట్టి చూసినది తోటి వాటాదారులకు చెప్పడానికి వీలులేదు. పుస్తకాలు తెరుచుకున్నా, గది తలుపులు మూసిన తర్వాతనే. డైరెక్టర్లకు కమిషన్ బదులు స్థిర వేతనం రావడానికి 1647 దాకా ఆగవలసి వచ్చింది.

మార్కెట్ నియంత్రణ కథ మరో రకంగా నడిచింది. 1610 ఉత్తర్వును 1621, 1623, 1630, 1636లలో మళ్లీ మళ్లీ జారీ చేయవలసి వచ్చింది. పదేపదే చాటించవలసి వచ్చిన నిషేధం అమలు కాలేదనడానికి వేరే సాక్ష్యం అక్కరలేదు. ఉత్తర్వుకు విరుద్ధమైన ఒప్పందాన్ని న్యాయస్థానాలు అమలు చేయవు. అందుచేత నష్టం వచ్చినవాడు ఉత్తర్వును అడ్డుపెట్టుకుని చెల్లింపు ఎగవేయగలడు. అప్పటి రాజ్యాధినేత ఫ్రెడెరిక్ హెన్‌డ్రిక్ పేరు మీదుగా వర్తకులు దీనిని ‘ఫ్రెడెరిక్‌కు మొరపెట్టుకోవడం’ అని వ్యంగ్యంగా అనేవారు. అలా ఒకసారి ఎగవేసినవాడితో మళ్లీ ఎవరూ బేరమాడరు. చట్టం గుర్తించని ఒప్పందాలను పరువు నిలబెట్టింది. 1688లో ఆమ్‌స్టర్‌డామ్‌లో స్పానిష్ భాషలో వెలువడిన జోసెఫ్ డి లా వేగా సంభాషణ గ్రంథం ‘కన్ఫ్యూజియాన్ డి కన్ఫ్యూజియోనెస్’ నాటికి ఈ వ్యాపారం చట్టానికి వెలుపల, తన నియమాలతో తాను, ఒక పూర్తి వ్యవస్థగా ఎదిగిపోయింది.

1623 తర్వాత నియామకాలలో మాట చెల్లుబాటయ్యే ‘ప్రధాన వాటాదారు’ హోదాకు డైరెక్టర్‌కు కావలసినంత వాటా ఉండాలి. ఆమ్‌స్టర్‌డామ్‌లో అది 6,000 గిల్డర్లు. 1602లో ఎవరైనా ఎంతైనా పెట్టవచ్చని పిలిచిన కంపెనీలో, 100 గిల్డర్లు రాసినవారికి కొత్త సనదు దక్కించినది ఏదీ లేదు. వారికి మిగిలినది ఆవర్జాలో ఒక పద్దు, దానిని మరొకరి పేరిట మార్చుకోవడానికి కార్యాలయానికి వెళ్లే దారి.